ఎవరి ఎడమ?

అంజిలయ్య వెనక్కి చూడాలంటే
ట్రాక్టరే తిప్పాలె.
మెడ తిరగదు. మర్రిగూడ దిక్కు బోర్లు తాగి పెరిగిన మెడ.
పద్దెనిమిదో ఏటనే బిగిసిందని చెప్తడు,
తుప్పు పట్టిన నట్టు ముచ్చట చెప్పినట్టు.

నాలుగు వందల లీటర్ల ట్యాంకు,
దానెనక రెండు దిక్కుల చాపిన రెక్కలు,
మందు ఆపే మూడు లివర్లు సీటు వీపు కాడ.
గట్టు మలుపుల పక్కోని మిరప మీద మందు పడొద్దంటే
నడుము కాడికెల్లి మొత్తం మనిషి తిరగాలె.
తిరిగేలోపల సాలు తప్పుతది,
పత్తిచెట్లు రెండు చక్రం కిందికి పోతయి.

"ఆ లివర్లను నా ముంగటికి తెచ్చియ్యి బిడ్డా" అన్నడు
చండూరు పత్తిమిల్లు ఎదురుంగ, నా షెడ్డు ముందు,
ఇంజను బంద్ జెయ్యకుంటనే.
మోటర్లు చుట్టే పిల్ల అంటరు నన్ను,
నలభై దాటినా.

లివర్లు రావు. వైర్లు వస్తయి.
రాణిగంజ్ నుంచి మూడు సోలెనాయిడ్ వాల్వులు
అట్టపెట్టెల గుడ్ల లెక్క పండుకొని వచ్చినయి.
పన్నెండు వోల్టులు. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చు,
పసుపు ఎడమకు, నీలం నడిమికి, ఆకుపచ్చ కుడికి.
ఎర్తు బోల్టు కాడ పెయింటు గీకిన
ఇనుము మెరిసేదాకా.
మనకు అది రంగు, కరెంటుకు గోడ.
అతుకులకు టంకం, టంకం మీద గొట్టం,
గొట్టం మూతికి గ్రీజు.
మందు గాలికి రాగి సుత పచ్చబడుతది.
మనుషుల ఊపిరితిత్తుల సంగతి నాకు తెల్వదు,
రాగినైతే చూసిన.

స్విచ్చు నొక్కిన. టిక్.
ఇంకోటి. టిక్.
మూడోది.
బల్లి పలికినదాని కన్నా చిన్న చప్పుడు.

మొదటిసారి ఒట్టి నీళ్లతోనే.
"ఎడమది ఇడువు పెద్దయ్యా" అని
కుడి రెక్క కింద నాజిళ్లు చూస్కుంట కూసున్న.
నెత్తి నుంచి చెప్పుల దాకా తడిసిన.
ఆయన ముందుకే చూస్తడు.
నేను సీటుకు వీపు పెట్టి, ట్యాంకు దిక్కు మొఖం పెట్టి
వైర్లు కలిపిన.
నా ఎడమ ఆయనకు కుడి.
"ఎవరి ఎడమ బిడ్డా?" అన్నడు, ఇంజను మీదికెల్లి,
ఎవరు తడిసిన్రో చూడకుంటనే.

పసుపును ఆకుపచ్చ కాడికి, ఆకుపచ్చను పసుపు కాడికి.
మళ్ల నీళ్లు. ప్రెషరు రెండు కిలోలు.
ఎడమ ఆపంగనే ముల్లు మూడు దాటింది,
మిగిలిన రెండూ పొగ లెక్క ఊసినయి.
ఒకడు పని మానితే వాని బరువు
పక్కోళ్ల నెత్తిన పడే కాయిదా ఇక్కడ నడవదు.
వాని వాటా నీళ్లు ట్యాంకుకే మర్లిపోవాలె.
బైపాస్ మర పావు చుట్టు,
ఇంకో వెంట్రుకంత.
ముల్లు రెండు కాడ కూసున్నది, లేవలె.

నెల గాకముందే ఫోను.
నడిమిది టిక్ అంటదంట, నీళ్లు ఆపదంట.
విప్పి చూస్తే రబ్బరు బిళ్ల చుట్టూ
ముగ్గు పోసినట్టు తెల్లగ, గట్టిగ.
ట్యాంకు నింపేది ఆ బోరు నీళ్లే కద.
వాల్వుకు ముప్పై దినాలు పట్టింది,
ఆయనకు పద్దెనిమిదేండ్లు.

ఆరు నిమ్మకాయలు పిండి
ఇత్తడి ముక్కను రాత్రంత గిన్నెల నానేసిన.
పొద్దుగాల బొటనవేలితో తుడిస్తే
పెట్టెలకెల్లి ఇప్పుడే తీసినట్టున్నది.
అంజిలయ్య గిన్నె దిక్కు శానసేపు చూసిండు.
"నన్ను సుత ఓ రాత్రి నానేయరాదూ."
నాకు నవ్వు రాలె.
ఆయనే నవ్విండు, భుజాలు రెండూ ఒక్కసారే కదిలి.

వాననీళ్లు పట్టుకోమన్న. పైపుకు జాలి పెట్టిన.
మూడు వందలడిగితే రెండువందల యాభై ఇచ్చి
మిగిలినయి పత్తి ఏరినంక అన్నడు.
రోడ్డెక్కంగ, ఖాళీ ట్యాంకుతోనే,
మూడు స్విచ్చులూ ఒకటెంబడి ఒకటి నొక్కిండు.
ఇంజను మోతల నాకేం ఇనపడలె.
ఆయన తల మాత్రం, ఉన్నకాడనే,
ఒక్కోదానికి ఇంత ఊగింది.